ట్రాక్టర్ ట్రాలీకి నమ్మకమైన టైర్లు

ట్రాలీ చక్రాన్ని ఇంజిన్ తిప్పదు. ట్రాక్టర్ లాగుతుంటే అది వెంట దొర్లుతుంది, అంతే. ట్రాక్టర్ వెనక టైరు నేలను పట్టుకుని బండిని ముందుకు నెట్టాలి. ముందు టైరు మలుపులో జారకుండా దారి పట్టాలి. ట్రాలీ టైరుకు ఈ రెండు పనులూ లేవు. పైనున్న బరువును మోయాలి, దారిలోని రాళ్లనూ గుంతలనూ ముళ్లనూ తట్టుకోవాలి, ఎండలో గంటల తరబడి నడిచినా వేడెక్కి పగలకూడదు. ట్రాలీకి టైరు ఎంచుకునేటప్పుడు చూడాల్సింది ఈ మూడు గుణాలనే.

పల్లెల్లో జరిగేది చాలాసార్లు వేరు. ట్రాక్టర్‌కు పనికిరాకుండా అరిగిన ముందు టైర్లు ట్రాలీకి మారతాయి. లారీల నుంచి తీసేసిన టైర్లు చవగ్గా దొరికితే వాటినే బిగిస్తారు. ఖాళీ ట్రాలీకి ఇవి సరిపోయినట్టే కనిపిస్తాయి. లోపం లోడు పడ్డాకే బయటపడుతుంది. నిండు లోడుతో వెళ్తుండగా ఒక టైరు పేలితే ట్రాలీ ఆ వైపు ఒరిగి, హుక్కు దగ్గర ట్రాక్టర్‌ను కూడా పక్కకు లాగుతుంది. కాలువ గట్టు మీదో, వంతెన మీదో ఇలా జరిగితే రెండూ కలిసి బోల్తా పడే ప్రమాదం ఉంది. సరుకు ట్రాలీలో మనుషులను ఎక్కించకూడదు. అయినా నాట్లకూ కోతలకూ కూలీలు వాటిలోనే వెళ్లివస్తున్నారు కాబట్టి ట్రాలీ టైరు సంగతి ప్రాణాలతో ముడిపడింది.

ఎంపికకు ఒక వరస ఉంది. ముందు బరువు తేల్చుకోవాలి. తర్వాత రిమ్ముకు సరిపడే సైజు, ఆ బరువుకు తగిన బలం, నడిచే వేగం, దారికి తగిన బటన్ (నేలను తాకే పైభాగం) తీరు, చివరగా టైరు వయసు చూడాలి. ఇవన్నీ తేలాకే ధర మాట్లాడాలి.

బరువు లెక్క

ట్రాలీ ఎంత మోస్తుందో తొట్టి కొలతను బట్టి చెప్పలేం, అందులో పోసే సరుకును బట్టే చెప్పాలి. విడిగా పోసిన వడ్లు ఘనపు మీటరుకు సుమారు 550 నుంచి 600 కిలోలు తూగుతాయి. పొడి ఇసుక దాదాపు 1,600 కిలోలు ఉంటుంది. అంటే వడ్లతో అంచు దాకా నిండిన తొట్టిలో అంతే ఎత్తున ఇసుక పోస్తే బరువు రెండున్నర రెట్లు దాటుతుంది. తడి ఇసుకైతే ఇంకా ఎక్కువ. వడ్ల కోసం కొన్న ట్రాలీని వేసవిలో ఇసుకకూ కంకరకూ కిరాయికి తిప్పేవారు ముందుగా తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ఇసుకను లెక్కగట్టే ఒక యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు, 2.83 ఘనపు మీటర్లు. పొడిగా ఉన్నప్పుడు దాని బరువు సుమారు 4,500 కిలోలు. కోస్తాలో 75 కిలోల వడ్ల బస్తాలు 60 వేస్తే వచ్చేదీ ఇదే బరువు. తెలంగాణలో 40 కిలోల సంచులైతే 112 దాకా వేసినట్టు.

ఈ లోడుకు ట్రాలీ సొంత బరువు కలపాలి. ఖాళీ ట్రాలీ 1,500 కిలోలు అనుకుంటే మొత్తం 6,000 కిలోలవుతుంది. నాలుగు చక్రాల ట్రాలీలో సమానంగా పంచితే ఒక్కో టైరు మీద పడేది 1,500 కిలోలు. కానీ బరువు ఎప్పుడూ సమానంగా పడదు. రోడ్డు అంచు వాలుగా ఉన్నా, లోడు వెనక్కి ఎక్కువ పడినా, చక్రం గుంతలో దిగినా ఒక టైరు మీద భారం పెరుగుతుంది. అందుకని లెక్కకు కనీసం ఐదో వంతు కలుపుకుని చూడటం మంచిది. 1,500కు 300 కలిపితే 1,800 కిలోలు. ఈ ట్రాలీకి కావలసింది ఒక్కొక్కటీ అంత బరువు మోయగల టైర్లు.

రెండు చక్రాల ట్రాలీలో లెక్క కొద్దిగా మారుతుంది. బరువులో కొంత హుక్కు ద్వారా ట్రాక్టర్ మీద పడుతుంది, మిగిలినదంతా రెండు టైర్లే మోస్తాయి. మొత్తం 3,000 కిలోల్లో 500 కిలోలు హుక్కు మీద పడితే ఒక్కో టైరుకు 1,250 కిలోలు వస్తాయి. దీనికీ ఐదో వంతు కలిపితే 1,500 కిలోలవుతుంది. లోడును వెనక్కి నెట్టి సర్దితే హుక్కు మీది భారం తగ్గి టైర్ల మీద పెరుగుతుంది. హైడ్రాలిక్ ట్రాలీ తొట్టి పైకి లేచేటప్పుడు కూడా బరువు వెనక్కి జరుగుతుంది కాబట్టి ఆ సమయంలో నేల గట్టిగా, చదునుగా ఉండాలి.

ఎక్కువసార్లు వేసే లోడును బట్టి టైరు కొనడం పొరపాటు. ఏడాదిలో ఒక్కసారి వేసినా సరే, అన్నిటికంటే బరువైన లోడునే లెక్కలోకి తీసుకోవాలి.

టైరు మీది రాత

కావలసిన వివరాలన్నీ టైరు పక్కగోడ మీద అచ్చయి ఉంటాయి. 7.50-16 అని ఉంటే టైరు వెడల్పు సుమారు 7.5 అంగుళాలు, లోపల పట్టే రిమ్ము 16 అంగుళాలు అని అర్థం. మధ్యలో గీత ఉంటే అది నైలాన్ టైరు, ఆ చోట ఆర్ అక్షరం ఉంటే రేడియల్. ట్రాలీల్లో 7.50-16, 9.00-16 సైజులు తరచుగా కనిపిస్తాయి.

సైజు పక్కనే పీఆర్ అని ఒక అంకె ఉంటుంది. దుకాణంలో 12 ప్లై, 16 ప్లై అని అడిగేది దీన్నే. టైరులో నిజంగా అన్ని పొరలున్నాయని దాని భావం కాదు, ఆ బలానికి సమానమైన బట్టు (లోపలి దారాల అల్లిక) ఉందని. మోసపోవడానికి ఎక్కువ అవకాశం ఇక్కడే ఉంది. 7.50-16 సైజులోనే ట్రాక్టర్ ముందు చక్రానికి వేసే 8 పీఆర్ టైరు దొరుకుతుంది, సరుకు వాహనాలకు వేసే 16 పీఆర్ టైరూ దొరుకుతుంది. రెండూ ఒకే రిమ్ముకు ఎక్కుతాయి, దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. మోసే బరువులో మాత్రం చాలా తేడా ఉంటుంది. సైజు కుదిరింది కదా అని 8 పీఆర్ టైరు మీద 16 పీఆర్ టైరు మోయాల్సిన లోడు వేస్తే అది ఎక్కువ కాలం నిలవదు.

కొన్ని టైర్ల మీద బరువును ఒక సూచిక అంకెతో చూపుతారు. 120 అంటే 1,400 కిలోలు, 125 అంటే 1,650, 130 అంటే 1,900, 140 అంటే 2,500 కిలోలు. దాని పక్కనున్న అక్షరం వేగాన్ని తెలుపుతుంది. ఏ8 అంటే గంటకు 40 కిలోమీటర్లు, బి అంటే 50, జె అంటే 100. ఈ రెండింటినీ కలిపి చదవాలి, ఎందుకంటే టైరు అంత బరువు మోయగలిగేది ఆ వేగం లోపే. పై లెక్కలో 1,800 కిలోలు తేలిన ట్రాలీకి 130 ఏ8 అని ఉన్న టైరు సరిపోతుంది. సూచిక లేని టైరు మీద గరిష్ఠ బరువు కిలోల్లోనూ, ఆ బరువుకు ఉండాల్సిన గాలి కేపీఏ లేదా పీఎస్‌ఐల్లోనూ ఉంటాయి. 100 కేపీఏ అంటే సుమారు 14.5 పీఎస్‌ఐ.

ఎద్దుల బండ్ల కోసం చేసే ఏడీవీ రకం టైర్లు కూడా మార్కెట్లో ఉన్నాయి. ఇవి నెమ్మది నడకకు ఉద్దేశించినవి. బరువు మోస్తున్నాయి కదా అని వీటిని బిగించి తారురోడ్డు మీద ట్రాక్టర్ వేగంతో లాగకూడదు.

నైలాన్, రేడియల్

నైలాన్ టైరులో దారాల పొరలు ఒకదానికొకటి ఏటవాలుగా అల్లుకుని ఉంటాయి. పక్కగోడ మందంగా ఉండి రాయి కోతనూ, గట్టు అంచు రాపిడినీ బాగా ఓర్చుకుంటుంది. పంక్చర్ షాపుల్లో బాగుచేయించడం తేలిక, ధర కూడా తక్కువ. దాని లోపం వేడి. కదిలినప్పుడల్లా పొరలు ఒకదానిమీదొకటి రాసుకుని వేడెక్కుతాయి.

రేడియల్ టైరులో దారాలు అంచు నుంచి అంచుకు నేరుగా సాగుతాయి, బటన్ కింద గట్టి పట్టీ ఉంటుంది. ఇది తక్కువ వేడెక్కుతుంది, తేలిగ్గా దొర్లుతుంది, రోడ్డు మీద ఎక్కువ కాలం మన్నుతుంది. కానీ పక్కగోడ పలచన కాబట్టి మోళ్లూ రాళ్లూ ఉన్న చోట తొందరగా కోసుకుపోతుంది.

పొలం, క్వారీ, మట్టిబాట పని ఎక్కువగా ఉన్న ట్రాలీకి నైలాన్ టైరే తగినది. పత్తి జిన్నింగ్ మిల్లుకో, చక్కెర ఫ్యాక్టరీకో, మార్కెట్ యార్డుకో దూరప్రయాణాలు చేసే ట్రాలీకి రేడియల్ ఖర్చు గిట్టుబాటవుతుంది. ఏది వేసినా ఒక ఇరుసు మీద రెండు వైపులా ఒకే రకం, ఒకే సైజు, ఒకే పీఆర్, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి అయితే ట్రాలీ పొట్టి వైపు ఒరిగి బరువు ఆ టైరు మీద ఎక్కువగా పడుతుంది.

బటన్ తీరు

ట్రాలీ చక్రం నెట్టాల్సిన పని లేదు కాబట్టి ట్రాక్టర్ వెనక టైరులా పెద్ద పెద్ద కట్టలు దానికి అవసరం లేదు. చుట్టూ నిలువు గీతలున్న టైరు తేలిగ్గా దొర్లుతుంది, రోడ్డు మీద సమంగా అరుగుతుంది, బురదను తక్కువగా పట్టుకుంటుంది. కట్టల టైరు రోడ్డు మీద దడదడలాడుతూ అంచులంచులుగా అరుగుతుంది. బ్రేకులున్న ట్రాలీకి, క్వారీ వాలులో దిగే ట్రాలీకి మాత్రం పట్టు కావాలి. అలాంటి చోట గీతలూ అడ్డ బటన్లూ కలిసిన తీరు మేలు.

వరి పొలాల్లో తడి ఆరకముందే ట్రాలీ దిగాల్సి వస్తే సన్నని టైరు నేలలోకి కోసుకుపోతుంది. టైరు నేల మీద మోపే ఒత్తిడి దాదాపు దానిలోని గాలి ఒత్తిడంత ఉంటుంది. కాబట్టి తక్కువ గాలితో అదే బరువు మోయగల వెడల్పు టైరు నేలను తక్కువగా అణుస్తుంది. 400/60-15.5 వంటి వెడల్పు టైర్లు ఇందుకోసం చేసినవే. వాటికి వేరే రిమ్ములు కావాలి, ఖర్చు ఎక్కువ. ఏటా తడి నేలలోనే పని చేసేవారికి నేల గట్టిపడక పైరు వేళ్లు లోతుకు దిగడంలో ఆ ఖర్చు తిరిగి వస్తుంది.

టైరు వయసు, పాత టైర్లు

టైరు తయారైన కాలం పక్కగోడ మీద నాలుగు అంకెల్లో ఉంటుంది. 3524 అంటే 2024వ సంవత్సరం 35వ వారం. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్, తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో ఫ్యాక్టరీలున్నాయి. టైర్లు దగ్గర్లో తయారవుతున్నా అంకె చూడటం మానకూడదు, ఎందుకంటే దుకాణం ముందు ఎండలో నెలల తరబడి పడి ఉన్న కొత్త టైరు కూడా పాతబడుతుంది. వాణిజ్య వాహనాల టైర్ల మీద ఐఎస్‌ఐ ముద్రతో పాటు ఐఎస్ 15636 అన్న సంఖ్య ఉండాలి.

లారీ నుంచి దిగిన టైరు కొనాల్సి వస్తే దాన్ని రిమ్ము నుంచి విప్పించి, వెలుతురులో లోపలా బయటా చూడాలి. లోపల చెయ్యి పెట్టి చుట్టూ తడిమితే ఉబ్బులూ, చీలిన దారాలూ, పెద్ద ప్యాచీలూ తగులుతాయి. బయట పక్కగోడను వంచితే సన్నని పగుళ్లు విచ్చుకుంటాయి. పగులు లోపలి దారం దాకా వెళ్లిందంటే ఆ టైరు పనికిరాదు. రిమ్ముకు కూర్చునే అంచులో బీడింగ్ వైరు బయటపడినా, వంగినా వదిలేయాలి. గుండు టైరుకు కత్తితో కొత్త గాళ్లు కోసి అమ్మేవారూ ఉన్నారు. గాడి అడుగున రబ్బరు మరీ పలచగా ఉన్నా, దారాలు తొంగిచూస్తున్నా అది అలాంటిదే. మోటారు వాహనాల నిబంధనల ప్రకారం రెండు, మూడు చక్రాల వాహనాలు కాక మిగతా వాటికి గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గకూడదు.

రీసోల్ టైరు విషయంలో పైనేసిన రబ్బరు కన్నా లోపలి పాత బట్టు ముఖ్యం. బట్టు గట్టిగా ఉండి, పని తెలిసిన షాపులో చేయిస్తే రీసోల్ టైరు ట్రాలీకి బాగానే పనికొస్తుంది. సొంత టైర్లనే రీసోల్ చేయించుకుంటే వాటి చరిత్ర యజమానికి తెలిసి ఉంటుంది. ఎక్కడివో తెలియని టైర్లకు ఆ భరోసా లేదు.

ట్యూబు, ఫ్లాపు, రిమ్ము

కొత్త టైరులో పాత ట్యూబు వేయడం మంచిది కాదు. వాడిన ట్యూబు సాగి ఉంటుంది. కొత్త టైరులో అది మడత పడి, మడత రాసుకున్న చోట చిల్లు పడుతుంది. ట్యూబు, దాని కింద రిమ్ముకూ ట్యూబుకూ మధ్య వేసే ఫ్లాపు టైరు సైజువే అయి ఉండాలి. బిగించే ముందు టైరు లోపల ఇసుక, రాయి లేకుండా తుడిచి, ట్యూబుకు పౌడర్ రాయాలి.

ట్రాలీ రిమ్ములు చాలావరకు లాక్ రింగుతో ఉంటాయి. తుప్పు తిన్న రింగు, సరిగా కూర్చోని రింగు గాలి నింపేటప్పుడు ఊడి ఎగిరితే ఎదురుగా ఉన్న మనిషి ప్రాణాలు పోవచ్చు. విప్పేముందు వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం వదలాలి. నింపేటప్పుడు చక్రాన్ని ఇనుప బోనులో పెట్టడం లేదా రింగు వైపు గొలుసు చుట్టడం, మనిషి పక్కకు నిలబడటం తప్పనిసరి. సుత్తితో కొట్టి రింగు కూర్చోబెట్టే పని గాలి ఉన్నప్పుడు చేయకూడదు. చక్రం ఎక్కించాక నట్లను ఎదురెదురుగా ఒక్కొక్కటీ బిగించి, మొదటి ట్రిప్పు అయ్యాక మరోసారి బిగించాలి.

గాలి

మంచి టైరును తొందరగా పాడుచేసేది తక్కువ గాలి. గాలి తక్కువైతే చక్రం తిరిగిన ప్రతిసారీ పక్కగోడ లోతుగా వంగి లేస్తుంది. ఆ వంపులో పుట్టిన వేడి రబ్బరులోంచి త్వరగా బయటకు పోదు. పొరల మధ్య అతుకు కరిగి బటన్ పొర విడిపోతుంది, చివరకు టైరు పేలుతుంది. దూరం, వేగం, లోడు, ఎండ నాలుగూ కలిసే యాసంగి కోతల కాలంలో, ఏప్రిల్, మే నెలల్లో, ఈ ముప్పు ఎక్కువ.

గాలిని చేత్తో నొక్కి, కర్రతో కొట్టి అంచనా వేయడం కుదరదు. 16 ప్లై టైరు పక్కగోడ సగం గాలితో కూడా గట్టిగానే తగులుతుంది. గేజీ కావాలి. ఉదయం బండి కదలకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. 27 డిగ్రీల దగ్గర 60 పీఎస్‌ఐ ఉన్న టైరు లోపలి వేడి 57 డిగ్రీలకు చేరితే గేజీ సుమారు 67 చూపుతుంది. ఈ పెరుగుదల సహజం. ఎక్కువైందని మధ్యాహ్నం గాలి తీసేస్తే మర్నాడు ఉదయానికి టైరు తక్కువ గాలితో మిగులుతుంది. ఎంత పెట్టాలన్నది టైరు మీది రాత, తయారీదారు పట్టిక చెబుతాయి. ఒక ఇరుసు మీద రెండు టైర్లలోనూ గాలి సమానంగా ఉండాలి. వాల్వుకు మూత లేకపోతే మట్టి చేరి గాలి మెల్లగా జారుతుంది.

అతిగాలి కూడా చేటే. టైరు బిగుసుకుని రాయి తగిలితే వంగకుండా పగులుతుంది, బటన్ మధ్యలో తొందరగా అరుగుతుంది. ఎక్కువ లోడు వేస్తున్నామని గాలిని హద్దు దాటించినంత మాత్రాన టైరు మోసే శక్తి పెరగదు.

అరుగుదలను చదవడం

టైరు అరిగిన తీరు ట్రాలీలోని లోపాన్ని చూపుతుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, లేదా లోడు ఎక్కువ. నడిమి భాగం అరిగితే గాలి ఎక్కువ. ఒకే పక్క అరిగితే ఇరుసు వంగి ఉండొచ్చు లేదా బేరింగు వదులై ఉండొచ్చు. అక్కడక్కడా మచ్చలుగా అరిగితే చక్రం ఊగుతోందనో, బ్రేకు పట్టేస్తోందనో అనుమానించాలి. కారణం సరిచేయకుండా కొత్త టైరు వేస్తే అదీ అలాగే పోతుంది. ట్రిప్పు ముగిశాక చక్రం నడిమి హబ్బు దగ్గర చెయ్యి పెట్టి చూస్తే, మిగతావాటి కన్నా వేడిగా ఉన్న చోట బేరింగుకు గ్రీజు అవసరం ఉండొచ్చని తెలుస్తుంది.

కంది, పత్తి మోళ్లున్న చేలో తిరిగిన రోజు సాయంత్రం బటన్ల మధ్య ఇరుక్కున్న పుల్లలు, ముళ్లు, రాళ్లు తీసేయాలి. తీయకపోతే నడిచేకొద్దీ లోపలికి దిగి ట్యూబును చేరతాయి.

పని లేని నెలల్లో

ట్రాలీ ఏడాదిలో కొన్ని నెలలు ఖాళీగా నిలబడుతుంది. ఆ నెలల్లో ఎండ, గాలిలోని ఓజోన్ రబ్బరును పగలదీస్తాయి. బరువు ఒకేచోట పడి టైరు అడుగు బల్లపరుపు అవుతుంది. ట్రాలీని ఖాళీ చేసి, ఇరుసు కింద దుంగలు పెట్టి చక్రాలు నేలకు తగలకుండా ఎత్తి, నీడలో ఉంచడం మంచిది. అలా వీలుకాకపోతే గాలి తగ్గకుండా చూస్తూ, కొన్ని వారాలకోసారి ట్రాలీని కాస్త జరపాలి. డీజిల్, ఇంజిన్ ఆయిల్ రబ్బరుకు తగలకూడదు. స్టెప్నీని కూడా ఇలాగే కాపాడుకోవాలి.

కొనే ముందు సరిచూసుకోవాల్సినవి

1. అన్నిటికంటే బరువైన లోడు, ట్రాలీ సొంత బరువు కలిపి, ఒక్కో టైరుకు పంచి, ఐదో వంతు చేర్చి లెక్క వేయడం.
2. రిమ్ము సైజు, దాని తుప్పు, లాక్ రింగు స్థితి చూడటం.
3. టైరు మీది పీఆర్, బరువు సూచిక, వేగం అక్షరం చదివి లెక్కతో పోల్చడం.
4. దారిని బట్టి నైలాన్, రేడియల్‌లలో ఒకటి, దానికి తగిన బటన్ తీరు నిర్ణయించడం.
5. తయారీ వారం, ఐఎస్‌ఐ ముద్ర చూడటం. పాత టైరైతే లోపలా బయటా పరీక్షించడం.
6. ఒక ఇరుసుకు జతగా కొనడం, కొత్త ట్యూబు, ఫ్లాపు, స్టెప్నీకి కూడా డబ్బు కేటాయించడం.
7. బిల్లు మీద టైరు నంబరు రాయించుకుని వారంటీ కోసం దాచడం.
8. గేజీ ఒకటి సొంతంగా కొని ట్రాక్టర్‌లోనే ఉంచడం.